ఎర్రగుట్ట దొరతనం ఎవరిది?

ఐర్లండు పడమటి తీరాన ఎర్రగుట్ట అని ఒక గుట్ట ఉంది. ఒకసారి అక్కడ కార్చిచ్చు రేగితే ఒక నక్క గుట్టంతా తిరిగి అందరినీ లేపింది. ఆ మేలుకు జంతువులన్నీ కలిసి దాని వంశానికి ‘ఎర్రగుట్ట దొర’ అని బిరుదిచ్చాయి. బిరుదుతో పాటు గాలి సోకని పెద్ద గుహ మీద పెత్తనం కూడా ఇచ్చాయి.

ఆఖరి దొర పడవెక్కి ఎదుటి దీవికి వెళ్లి మళ్లీ రాలేదు. మూడు తరాలుగా బిరుదు అడిగేవాళ్లు లేక అలాగే పడి ఉంది. దొర లేనిదే గుహకి అడ్డంగా ఉన్న బండ తీయకూడదని కట్టుబాటు. గొర్రెలూ కుందేళ్లూ ఏటా చలికి పిల్లల్ని పోగొట్టుకుంటున్నాయి.

ఆ ఏడు చలి మొదలయ్యే వేళకి ఇద్దరు వచ్చారు, బిరుదు మాదంటే మాదని. గుట్ట మీది వంశాలన్నీ నోటికి వచ్చిన ముసలి గాడిద ఓనా దగ్గర పంచాయితీ పెట్టారు.

ఫిన్‌బర్ అనే నక్క చెట్టు బెరడు మీద రాసిన వంశవృక్షం పరిచింది. “చూసుకో ఓనత్తా. మా ముత్తాత ఆఖరి దొరకి పెద్దకొడుకు.”

“బిరుదు వస్తే గుహ తెరుస్తావా?”

“ఎందుకు తెరవను? చోటు కావలసినవాళ్లు ఇంటికో పిల్లని నా కొలువుకి పంపితే చాలు.”

తల్లిగొర్రెలు తమ పిల్లల్ని దగ్గరికి లాక్కున్నాయి.

రెండోది నూలా, ముగ్గురు కూనలున్న కుంటి ఆడనక్క. “దొర మా అమ్మమ్మకి తండ్రి అని మా అమ్మ చెప్పేది, పెద్దమ్మా. రాత కోతలేం లేవు. బిరుదు సంగతి ఎలా ఉన్నా గుహ తెరిపించమని అడగడానికి వచ్చాను. దొర దొరికేదాకా చలి ఆగదుగా.”

ఓనా బెరడంతా చూసింది. ఆఖరి దొర దాకా ఒక్క పేరూ తప్పు లేదు, ఆ తర్వాత దీవిలో పుట్టినవాళ్ల పేర్లు తనకీ తెలియవు. తప్పెలా ఉంటుంది, పెళ్లిళ్లలో ఆ పేర్లన్నీ తనే వల్లించేది, చెవులున్న ఎవరైనా నేర్చుకోవచ్చు. అవునంటే పసిపిల్లలు నక్క నోట్లో పడతారు. కారణం లేకుండా కాదంటే ఇక తన మాటకి విలువ ఉండదు. ఓనాకి నోట్లో గడ్డి రుచించలేదు.

చివరికి తలెత్తి, “మీలో ఎవరికైనా ఎడమ చెవి కొన తెల్లగా ఉందా? నాకు చూపు సరిగా ఆనడం లేదు. రేపు పొద్దున దగ్గరగా చూస్తాను,” అంది.

ఎంతైనా గాడిదే కదా అనుకుంటూ ఫిన్‌బర్ హుషారుగా వెళ్లిపోయింది.

మర్నాడు సన్నగా జల్లు పడుతోంది. ఫిన్‌బర్ ఎడమ చెవి కొన మల్లెపూవులా ఉంది.

“ఇది పుట్టుకతో వచ్చిందేనా?” అంది ఓనా.

“మా నాన్నకీ ఇంతే, మా తాతకీ ఇంతే. మా వంశపు గుర్తు కదా.”

“నీ సంగతేమిటి, నూలా?”

నూలా తల వంచుకుంది. “నాకు లేదు. మా అమ్మకీ లేదు. అదే గుర్తయితే నేను ఆ వంశం కాదేమో.”

“ఆ వంశంలో ఎవరికీ అలాంటి గుర్తు లేదు,” అంది ఓనా. “ఉందని నేనూ అనలేదు. ఉందా అని అడిగానంతే.”

ఈలోగా వానకి తడిసిన సున్నం ఫిన్‌బర్ చెంప మీదుగా జారి మూతి మీదికి వచ్చింది. పొట్టేలు ముందు నవ్వింది, తర్వాత గుట్టంతా నవ్వింది. ఫిన్‌బర్ బెరడు కూడా తీసుకోకుండా గుట్ట దిగిపోయింది.

“అయితే నూలానే దొర,” అంది పొట్టేలు.

“కాదు,” అంది ఓనా. “వాడు కాదని తేలింది. ఈమె అవునని తేలలేదు. వసంతంలో దీవికి కబురు పెట్టి ఆఖరి దొర పిల్లల సంగతి కనుక్కుందాం. అందాకా బిరుదు అలాగే ఉంటుంది.”

“మరి గుహ?”

ఓనా నూలా వైపు చూసింది. “కట్టుబాటు మన పెద్దలు పెట్టిందే. పిల్లలు పోతుంటే మార్చుకోలేమా? పట్టండి ఆ బండని.”

అందరూ భుజాలు ఆనించి నెట్టారు. ఆ చలికాలం ఎర్రగుట్ట మీద ఒక్క పిల్ల కూడా పోలేదు. గాలి తగిలే గుమ్మం దగ్గర చోటుని నూలా తనే అడిగి తీసుకుంది. ఎవరూ చెప్పకుండానే కుందేళ్లు ఆమెని దొరసానీ అని పిలవడం మొదలుపెట్టాయి. పిలిచినప్పుడల్లా ఆమె, “ఇంకా తేలలేదు,” అనేది.

నీతి: వంశం తేలడానికి ఏళ్లు పట్టవచ్చు, గుణం తేలడానికి ఒక్క పొద్దు చాలు.