బుద్ధాల వారి పాత మనిషి

ఇసుకలంకలో బుద్ధాల వారింట్లో ఉన్నది ముగ్గురే అయినా, తెలివి మాత్రం ముప్పైమందికి సరిపడా ఉండేదట. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, వాళ్ళకు వాళ్ళే అనుకున్నది. "ఇంటిపేరులోనే బుద్ధి ఉంది. ఇంక బుర్రలో కూడా ఎందుకురా, బరువు!" అనేవాడు తాత పోతయ్య. కొడుకు గంగరాజు, కోడలు చిట్టెమ్మ నిజమేనని తలలూపేవాళ్ళు. మిగతా ఊరంతా ఒక మాట వింటే దాని మీద ఆలోచిస్తుంది. వీళ్ళు ఆలోచించరు. విన్నది విన్నట్టు చేసేస్తారు. చెప్పినాయన ఆలోచించే చెప్పి ఉంటాడు కదా, మళ్ళీ మనం ఆలోచిస్తే ఆయన్ని అవమానించినట్టు కాదూ? అదీ పోతయ్య వాదన.

పోతయ్య భార్య శాంతమ్మ నిరుడు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో బాప్తిస్మం తీసుకున్నది ఆవిడ ఒక్కతే. పోయే ముందు మొగుడి చెయ్యి పట్టుకుని, "మీరూ, పిల్లలూ బాప్తిస్మం తీసుకోండి. అక్కడ కలుసుకుందాం" అని మాట తీసుకుంది. అప్పట్నించీ పోతయ్యకి అదొక్కటే ధ్యాస. ఈస్టరు పొద్దున కాలవలో బాప్తిస్మాలు ఇస్తామనీ, ఈలోగా విశ్వాసం సంగతులు నేర్చుకోవాలనీ పాస్టరు యోబు గారు చెప్పారు. బైబిల్లో యోబు అంటే ఓర్పుకి మారుపేరు. ఆ పేరుకు తగ్గట్టే మహా ఓర్పు గల మనిషి. ఆ ఓర్పుకి పరీక్ష ఈ ఇంట్లో ఉందని ఆయనకి అప్పటికి తెలీదు.

మొదటి పాఠంలో, "మీరు లోకానికి ఉప్పు. ఇది ప్రభువు మాట" అన్నారాయన.

అంతే. మర్నాడు పప్పులో ఉప్పు లేదు.

"ఉప్పెయ్యలేదే అమ్మాయ్" అన్నాడు పోతయ్య.

"మనమే ఉప్పు గదా మావయ్యా! ఇంకా డబ్బాలో ఎందుకని కాలవలో పారబోసేశాను."

"అదీ నిజమే" అని గంగరాజు బొటనవేలు పప్పులో ముంచి గిరగిరా తిప్పాడు. పోతయ్య రుచి చూసి, "ఆఁ, ఇప్పుడు కాస్త తగుల్తోందిరా" అన్నాడు. పొద్దున్నించీ చేలో పనిచేసి వచ్చిన చెయ్యి, తగలక ఏం చేస్తుంది!

రెండో పాఠంలో, బుద్ధిమంతుడు బండ మీద ఇల్లు కట్టుకుంటాడనీ, వానొచ్చినా వరదొచ్చినా ఆ ఇల్లు పడదనీ చెప్పారు. ఇంకేముంది! లంకలో అంతా ఇసక. ఉన్న బండల్లా చాకలిరేవులోదే. దాన్ని బండి మీద వేసుకొచ్చి, పాక మూల రాటని పైకెత్తి కిందకి దోపారు. ఆ మూల లేచింది, ఎదుటి మూల కుంగింది, పాక కాస్తా పక్కింటి గేదె మీదకి ఒరిగింది. గేదె అరుస్తోంది, పక్కింటివాళ్ళు తిడుతున్నారు. పోతయ్య మాత్రం పొంగిపోయాడు. "చూశారా, బండ లేని వైపే పడింది! వాక్యం ఎంత నిజమో!"

ఊళ్ళో నలుగురూ కలిసి పాకని ఎలాగో నిలబెట్టారు. బండ వాకిట్లోనే ఉండిపోయింది.

మూడో పాఠానికి పాస్టరు గారు బెదురుతూనే వచ్చారు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, ముగ్గురూ కలిసి ఒక్క దేవుడే అన్న సంగతి. పెద్ద చదువులు చదివినవాళ్ళే తల గోక్కునే చోటు. చెప్పవలసింది చెప్పి, "అర్థమైందా?" అన్నారు నీరసంగా.

"ఆయ్, అయిందండి" అన్నాడు పోతయ్య. "ఆయన సంగతి ఆయనకి తెలీదేటండీ? ముగ్గురం ఒక్కరమేనని ఆయనే చెబుతుంటే, కాదని లెక్కెట్టడానికి మనమెవరమండి?"

పాస్టరు గారికి ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో నాలుగో పాఠం కూడా గబగబా చెప్పేశారు. "బాప్తిస్మం అంటే మరేం కాదు. పాత మనిషిని పాతిపెట్టాలి, కొత్త మనిషి లేవాలి. పౌలు భక్తుడు రాసింది ఇదే. పాత మనిషిని పాతిపెట్టకుండా బాప్తిస్మం లేదు" అని చెప్పి సైకిలెక్కి వెళ్ళిపోయారు.

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఇంట్లో పాత మనిషి ఎవరంటావ్?" అన్నాడు గంగరాజు.

"నేను కాదండి బాబూ. ఊరంతా నన్నింకా కొత్త కోడలనే అంటారు" అంది చిట్టెమ్మ.

"నాకు జుట్టింకా నల్లగానే ఉంది. నేనూ కాదు."

అంతే. ఇద్దరి కళ్ళూ పోతయ్య మీద పడ్డాయి. చిట్టెమ్మ బావురుమంది. "వద్దు మావయ్యా! మనకి బాప్తిస్మమే వద్దు!"

"కొత్త మనిషి లేస్తాడన్నారు గదే" అన్నాడు గంగరాజు, వాడికీ ఏడుపొస్తోంది.

"లేచేవాడు కొత్తవాడురా. వాడెవడో, ఏ ఊరో. నేను కాదుగా!" అన్నాడు పోతయ్య. శాంతమ్మ గుర్తొచ్చింది. తను బాప్తిస్మం లేకుండానే పోతే ఆవిడ అక్కడ ఎదురుచూస్తూ ఉండిపోతుంది. తను పోకపోతే ఈ పిల్లలకి దారి లేదు. భయమేసింది. కానీ పిల్లల మీద ప్రేమ అంతకంటే పెద్దది. "ఒరే, పార పట్రా. మీరిద్దరూ వెళితే అమ్మకి నా సంగతి చెబుదురుగాని" అన్నాడు.

గుడ్ ఫ్రైడే సాయంత్రం పెరట్లో వంగమొక్కల పక్కన గొయ్యి తవ్వారు. పోతయ్య తనంతట తనే దిగి నిలబడ్డాడు. "మెడ దాకా చాలు నాన్నా. ఎందాకా పాతాలో అయ్యగారు చెప్పలేదుగా" అని గంగరాజు అక్కడితో ఆపాడు. చిట్టెమ్మ తలకి గొడుగు పట్టి గంజి తాగించింది. పాతిపెట్టినవాళ్ళకి గంజి పొయ్యకూడదని కూడా ఆయన చెప్పలేదు.

శనివారం పొద్దున పాస్టరు గారు వచ్చారు. "తాతేడీ?"

"పాతిపెట్టేశామండి" అంది చిట్టెమ్మ ముక్కు చీదుకుంటూ.

పాస్టరు గారు సైకిలు అక్కడే పడేశారు. "అయ్యో ప్రభువా! ఎప్పుడు పోయాడమ్మా?"

"పోలేదండి, ఉన్నారు. పెరట్లో."

ఆయన పరిగెత్తారు. వంగమొక్కల మధ్యనించి తల పలికింది. "వందనాలు అయ్యగారూ! చేతులు లోపల ఉండిపోయాయండి, ఏమనుకోకండి."

ఎందుకిలా చేశావయ్యా అంటే పోతయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. నేను లోపలికెళితేనే గదండీ వీళ్ళకి దారి, అన్నాడు. ఒకరి కోసం ఇంకొకరు గోతిలోకి దిగిన సంగతే పాస్టరు గారు ఇన్నేళ్ళుగా చెబుతున్నది. కళ్ళు తుడుచుకుని, తనే పార అందుకుని తవ్వారు. పాత మనిషంటే మనలో ఉన్న పాత బుద్ధి అని ఒకటికి రెండుసార్లు చెప్పారు. "ఆయ్, పాత బుద్ధండి" అన్నారు ముగ్గురూ.

ఈస్టరు పొద్దున ముగ్గురికీ కాలవలో బాప్తిస్మం అయింది. "పాతవాళ్ళు పోయారు! వీళ్ళు కొత్త మనుషులు!" అని పాస్టరు గారు సంఘమంతా వినేలా కేకేశారు. ఇంకేముంది!

మధ్యాహ్నం భోజనానికి పిలుపుండి ఆయన వచ్చేసరికి, ఒంటిమీదే ఆరిన బట్టల్తో ముగ్గురూ వాకిట్లో దూరదూరంగా నిలబడి ఉన్నారు. తలుపు వేసే ఉంది. చిట్టెమ్మ పరాయి మగాళ్ళ ముందు నిలబడ్డట్టు కొంగు నిండా కప్పుకుంది.

"ఎండలో ఏంటయ్యా ఇది? తలుపు తియ్యండి!"

"మాది కాదండి" అన్నాడు పోతయ్య. "ఎవరో బుద్ధాల వారిదంటండి. మహా తెలివైనోళ్ళంట. పొద్దున్నే ముగ్గురూ పోయారని మీరే గదండీ కేకేశారు! పోయినోళ్ళింట్లో దూరితే దొంగతనం కాదేటండీ?"

పాస్టరు గారు చాకలిరేవు బండ మీద చతికిలబడ్డారు.

"ఆ పోతయ్యగారు మంచోరంటండి" అని పోతయ్య కళ్ళొత్తుకున్నాడు. "ఈపాటికి శాంతమ్మగార్ని కలుసుకునే ఉంటారు."

ఆకలితో వాడిపోయిన పాస్టరు గారి మొహం చూసి చిట్టెమ్మకి జాలేసింది. కొంగు చాటునించే చిన్నగా చెప్పింది. "పోనీలెండి అయ్యగారూ, బెంగెట్టుకోకండి. ఆ ఇంటావిడ కూరలో ఉప్పే వెయ్యదంట."