మూడు టక్కుల ఏప్రన్

అనగనగా ఒక ఊరట. మన ఊరు కాదు. సముద్రాలు దాటి వెళ్తే స్విట్జర్లాండ్ అని ఒక దేశం, అక్కడ మంచుకొండల మధ్య ఇంతే ఇంత ఊరు. కాళ్ళు దుప్పట్లోకి పెట్టుకో తల్లీ, అప్పుడే చెబుతాను.

ఆ ఊళ్ళో వ్రేనీ అని ఏడేళ్ళ పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న పేరు యాకోబ్. కోతమిల్లులో దుంగలు కోసేవాడు. వాళ్ళమ్మ ఇల్లు చూసుకుంటూ నాలుగు కోళ్ళు పెంచుకునేది.

అప్పుడు చుట్టుపక్కల దేశాల వాళ్ళు బుద్ధి లేక యుద్ధం చేసుకుంటున్నారు. వీళ్ళ దేశం ఎవరి జోలికీ పోలేదు. పోకపోయినా సరిహద్దులో కాపలా ఉండాలి కదా! అందుకని ఊళ్ళో నాన్నలందరినీ సిపాయి బట్టలు తొడుక్కుని రమ్మన్నారు.

యుద్ధమంటే తిండికే కాదు, బట్టకీ కరువే. గుడ్డ కొనాలన్నా, ఉన్ని కొనాలన్నా రేషన్ చీటీ ఉండాలి. తోలంతా సిపాయిల బూట్లకే పోయేది. అందుకని బడిపిల్లల బూట్లకి చెక్క అడుగులు వేసేవారు. పొద్దున్నే వాళ్ళు బడికి పోతుంటే వీధంతా టకటకా టకటకా. కాళ్ళకి తొడల దాకా ఉన్ని మేజోళ్ళు. పాత స్వెట్టర్లు విప్పి, ఆ ఉన్నితోనే మళ్ళీ అల్లినవి. ఒకటే దురద! మగపిల్లలకి అంత చలిలోనూ పొట్టి లాగులే. ఆడపిల్లలకి గౌను, గౌను మాసిపోకుండా దాని మీద ఏప్రన్. ఉతకడానికి సబ్బు కూడా చీటీ మీదే మరి.

వ్రేనీ వాళ్ళమ్మ పెట్టె అడుగున దాచుకున్న నీలం గుడ్డ తీసి పిల్లకి కొత్త ఏప్రన్ కుట్టింది. నీ పట్టులంగాకి నేను కింద టక్కులు వేయించానే, అట్లాగే గుడ్డని లోపలికి మడిచి మూడు టక్కులు వేసింది. పిల్ల పొడుగయ్యే కొద్దీ ఒక్కోటీ విప్పుకోవచ్చని.

యాకోబ్ సరిహద్దుకి వెళ్ళే రోజు వచ్చింది. ఆ ఏప్రన్ గుండీలు వెనక్కి ఉంటాయి. నాన్న నేల మీద మోకాళ్ళు ఆనించి, వ్రేనీకి గుండీలు పెడుతూ టక్కులు చూశాడు.

"ఇన్ని టక్కులెందుకే?" అన్నాడు వాళ్ళమ్మతో.

"మళ్ళీ గుడ్డ దొరుకుతుందా? పిల్ల పెరగదా?" అందావిడ.

"పెరగనీ. మొదటి టక్కు విప్పేలోపే వచ్చేస్తాగా," అన్నాడు యాకోబ్.

ఇల్లు వదిలి వెళ్ళేవాళ్ళు ఏదో ఒకటి అనాలి కదా, ఆయనా నోటికొచ్చింది అన్నాడు. కానీ ఆ పిల్ల ఆ మాటని కొంగున ముడేసుకుంది. టక్కు విప్పనంత కాలం నాన్న ఆలస్యం చేసినట్టు కాదు అనుకుంది.

ఆ తర్వాత చలికాలం వెళ్ళిపోయింది. మంచు కరిగి గడ్డి మొలిచింది. గడ్డికోతలకి సెలవిస్తారు, వస్తానని నాన్న ఉత్తరం రాశాడు. వ్రేనీ రోజూ బస్సు దగ్గరికి పోయి నిలబడేది. అప్పుడు ఇంకో ఉత్తరం వచ్చింది. సెలవులు ఆపేశారట.

ఈలోగా పిల్ల పెరగడం మానుతుందా? ఏప్రన్ పైకి పోయి, కింద నాలుగు వేళ్ళ గౌను కనిపించడం మొదలైంది. బళ్ళో టీచరమ్మ, "వ్రేనీ, టక్కు విప్పమని మీ అమ్మతో చెప్పు," అంది. వ్రేనీ చెప్పలేదు. ఇంటికొచ్చి అమ్మ కత్తెర తీసుకెళ్ళి కట్టెల గూట్లో పడేసింది.

అప్పుడు ఏప్రన్‌ని కిందికి లాగి లాగి చూసింది. అది సాగలేదు. ఆ తర్వాత ఇంకో ఉపాయం తట్టింది. తింటేనే కదా పెరిగేది! పెట్టిన రొట్టెలో సగం తిని, మిగతా సగం కోళ్ళకి వేయడం మొదలుపెట్టింది. పిల్లేమో చిక్కిపోతోంది, కోళ్ళేమో బలుస్తున్నాయి. నవ్వకు, నువ్వు అన్నం కుక్కకి పెట్టడం నేను చూడలేదనుకున్నావా?

ఒకరోజు వాళ్ళమ్మ కోళ్ళగూడు దగ్గర పిల్లని రొట్టెతో సహా పట్టుకుంది.

"ఏంటే ఇది? ఆకలి లేదా?"

"ఆకలేస్తోందమ్మా. తింటే పెరుగుతాను. పెరిగితే టక్కు విప్పుతావు. విప్పితే నాన్న మాట తప్పినట్టవుతుంది," అని పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది.

అమ్మ తిట్టలేదు. అక్కడే గూడు పక్కన చతికిలబడింది. పిల్లని ఒళ్ళోకి లాక్కుంది.

"నువ్వు కత్తెర దాచకముందే నేను మూడుసార్లు దాన్ని తీశానే. మూడుసార్లూ లోపల పెట్టేశాను. నాకూ చేతులు రాలేదు," అంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "విప్పితే రానని నాన్న అనలేదు కదే. రాగానే నువ్వు ఇట్లా పుల్లలా కనిపిస్తే ముందు నన్నే తిడతాడు. తిను," అంది.

వ్రేనీ తినేసి, కట్టెల గూట్లోంచి కత్తెర తెచ్చి ఇచ్చింది. అమ్మ ముడి కత్తిరించింది, దారం పిల్ల లాగింది. టక్కు లోపల గుడ్డ ఎండ తగలక, ఉతుకు పడక అచ్చం కొత్తగా ఉంది. నాన్న గుండీలు పెట్టిన రోజునాటి నీలం అది. వ్రేనీ దాని మీద వేలితో అటూ ఇటూ రాసుకుంటూ చాలాసేపు కూర్చుంది.

ఆ తర్వాత క్రిస్మస్ వచ్చింది. ఈసారి సెలవు ఇచ్చారు గానీ, మంచు పడి దారులు మూసుకుపోయాయి. రెండో టక్కు విప్పారు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ఈసారి ఉత్తరం కూడా రాలేదు. మూడో టక్కూ విప్పేశారు. ఇక విప్పడానికేమీ లేదు. ఆ రోజు వ్రేనీకి నాన్న మీద పుట్టినంత బెంగ అంతకు ముందెప్పుడూ పుట్టలేదు. నాన్న గొంతు ఎట్లా ఉంటుందో గుర్తు తెచ్చుకుందామంటే సరిగ్గా గుర్తు రావడంలేదు. ఆ సంగతి అమ్మకి కూడా చెప్పలేదు.

ఆపిల్ పళ్ళు కోసే రోజులొచ్చాయి. ఒక మధ్యాహ్నం బడి వదిలే వేళకి గేటు పక్కన ఒక సిపాయి నిలబడి ఉన్నాడు. ముఖమంతా ఎండకి కమిలిపోయి ఉంది. యాకోబే! ఐదు రోజుల సెలవు దొరికితే, ఇంటికి కూడా పోకుండా నేరుగా బడికి వచ్చాడు.

పిల్లలంతా బిలబిలమంటూ బయటికి వచ్చారు. అన్నీ నీలం ఏప్రన్లే. వ్రేనీ మెట్ల మీది నుంచే నాన్నని చూసింది. అక్కడే ఆగింది. ఆయన కూడా ఇటు చూశాడు. ఆ చూపు వ్రేనీ ముఖం మీదికి వచ్చింది, ఆగలేదు, పక్కకి పోయింది. ఒకటో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినే చూస్తున్నాడు. చెయ్యేమో తనకి తెలియకుండానే బెల్టు దగ్గర ఆనించి పెట్టుకున్నాడు, ఇంత ఎత్తు పిల్ల అన్నట్టుగా.

వ్రేనీకి అర్థమైంది. తను వదిలి వెళ్ళినప్పుడు ఉన్నంత పిల్లనే వెతుకుతున్నాడు నాన్న. కోపం రాలేదు దానికి. మెల్లిగా వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది. అప్పుడు మోకాళ్ళు వంచింది. ఇంకా వంచింది. తల ఆయన చేతి కిందికి వచ్చేదాకా వంచి,

"నాన్నా, నేనే," అంది.

యాకోబ్ ఆ దుమ్ములోనే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రెండు చంకల కిందా చేతులు వేసి పిల్లని పైకి లేపాడు.

"వద్దమ్మా, అట్లా వంగొద్దు. ఎంత పెరిగావో అంతా నిలబడు. నేను చూడాలి," అన్నాడు.

వ్రేనీ నిలబడింది. మడమలు కూడా ఎత్తి నిలబడింది.

కథ కంచికి,
కునుకు కంటికి,
ఎక్కడి నాన్నలు
అక్కడి ఇంటికి.