కోశాధికారి అల్లుడు లేని జట్టు

ఓబులేసు దగ్గరున్నది నూరు గవ్వలు. గురుకులాల బుట్టబంతి పోటీలో ఆడే కుర్రాళ్లను ఆ గవ్వలతో ఎంచుకుని, ఎవరి జట్టు వాళ్లు ఊహలో కట్టుకోవాలి; ఒకే కుర్రాణ్ణి ఎందరైనా ఎంచుకోవచ్చు. ఎవరు ఎంచినవాళ్లు బుట్టలో ఎక్కువ బంతులు వేస్తే వాళ్లకు పాడిగేదె.

ఆటలో బంతిని ముందుకు నడిపే కుర్రాళ్ల ధరలు వినగానే ఓబులేసుకి ఒళ్లు మండింది. పట్టిన బంతినల్లా జారవిడిచే కోశాధికారి అల్లుడికి అరవై గవ్వలట! అయినా భయపడి ఊరంతా అతన్నే కొన్నారు. ఓబులేసు మాత్రం చురుకైన చౌక కుర్రాళ్లను ఇద్దరిని ఎంచాడు.

"మా అల్లుడు పనికిరాడంటావట్రా?" కోశాధికారి గద్దించాడు.

"అయ్యో దొరా! అన్ని జట్లలోనూ ఆయనే ఉంటే ఆయన గొప్ప తెలిసేదెలా? ఆయన లేని జట్టు ఒకటి ఓడి చూపించాలి గదా! ఆ ఓటమేదో నేను పడతాను. కూడదంటే, మీకే ఆయన మీద నమ్మకం లేదనుకుంటారు జనం."

జనమంతా తనవైపే చూస్తుంటే కోశాధికారి పళ్లు కొరుకుతూ తలూపాడు.

ఓబులేసు పలుపుతాడు కొనడానికి అంగడికి బయల్దేరాడు.