వరహాలమ్మ నింపిన పడవ

ఊఁ కొట్టేవాళ్లుంటేనే చెబుతా, మధ్యలో కునికితే ఆపేస్తా. అనగనగా ఏటి ఒడ్డున ఓ రేవుండేది. ఆ రేవు పక్కన తాటాకు పాకలో వరహాలమ్మనే ఆవిడ చిల్లర కొట్టు పెట్టుకుని బతికేది. సూదులూ దారాలూ అమ్మేది. వాటితో పాటు హోమియో గోళీలూ అమ్మేది. జలుబుకి ఓ సీసా, దగ్గుకి ఓ సీసా, ఒళ్లు నొప్పులకి ఓ సీసా.

గోళీలు తియ్యన. ఆవిడ మాట మాత్రం మహా కారం. చేత్తో ముట్టుకోకూడదు, ఉల్లిపాయ తినకూడదు, కాఫీ తాగకూడదు అని అందరికీ ఆ మూడు మాటలూ చెప్పి మరీ ఇచ్చేది. జలుబు తగ్గిందా, గోళీ గొప్ప. తగ్గలేదా, ఉల్లిపాయ తప్పు. అసలు జలుబన్నాక నాలుగు రోజులుండి దానంతటదే పోతుంది కదా! ఆ సంగతి వరహాలమ్మకీ తెలుసు. తెలిసినా ఊరుకునేది. జనం సంతోషంగా ఉన్నారు, కొట్టు నడుస్తోంది, మధ్యలో మనకెందుకులే అనుకునేది.

ఓ ముసురు కాలంలో నూకాలనే పిల్లతల్లి వచ్చింది. ఏడాది నిండని కూతురికి జలుబట. గోళీలు పట్టుకెళ్లింది. మర్నాడు తిరిగొచ్చి తగ్గలేదంది. ఉల్లిపాయ తిన్నావా అని వరహాలమ్మ నిలదీసింది. పాలిచ్చే తల్లి కదా, చద్దన్నంలో నంజుకున్నానని ఒప్పుకుంది. చీవాట్లు తిని మళ్లీ గోళీలు పట్టుకెళ్లింది. ఆ మర్నాడూ తిరిగొచ్చింది. ఈసారి నింద కాఫీ మీదికి పోయింది.

మూడోసారి తిరిగొచ్చినప్పుడు పిల్లని కూడా ఎత్తుకొచ్చింది. గోళీల కోసం అప్పటికే బోలెడు మంది వరసలో ఉన్నారు. అడక్కుండానే నూకాలు తప్పు తన ఇంటి మీదే వేసుకుంది.

"మా అత్తగారు కర్పూరం వెలిగించింది పిన్నీ. ఆ వాసనకే మందు చెడిపోయుంటుంది. ఇంకో పొట్లం ఇయ్యి."

వరహాలమ్మ పిల్ల మీది గుడ్డ తీసి చూసింది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నాయి. పెదాలు నల్లబడ్డాయి. పాలు తాగడం లేదట, ఏడవనైనా ఏడవడం లేదట. కర్పూరమే అనేస్తే సరిపోయేది. ఆ తల్లి నమ్మేది, వరసలో ఉన్నవాళ్లూ నమ్మేవాళ్లు. నిజం చెబితే రేపణ్నించి కొట్టు ముఖం ఎవరూ చూడరు. అయినా కళ్ల ముందు పిల్ల పోతుంటే ఆ మాట ఎలా అంటుంది?

"తప్పు కర్పూరానిది కాదే, ఉల్లిపాయదీ కాదు," అంది అందరూ వినేలా. "నా గోళీలకి లొంగే జబ్బు కాదిది. మొన్ననే నేను పిల్లని చూడాల్సింది. పద ఆసుపత్రికి."

ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది. పడవ నడిపే గవరయ్యకో పట్టుదల. పడవ నిండితే గాని గెడ వెయ్యడు. తాత పెట్టిన పద్ధతట. వరహాలమ్మ బతిమాలింది, తిట్టింది, కాళ్లు పట్టుకోబోయింది. కదలడే! దాంతో వెనక్కి తిరిగి గోళీల వరస మీద విరుచుకుపడింది. తుమ్మేవాళ్లని, దగ్గేవాళ్లని, ముక్కు చీదేవాళ్లని, అందరినీ రెక్క పట్టుకుని పడవెక్కించింది.

"ఇదిగో, నిండింది. తియ్యి పడవ," అంది.

గవరయ్య గెడ అందుకున్నాడు.

అవతల డాక్టరు పిల్లని చూస్తూనే లోపలికి తీసుకుపోయాడు. న్యుమోనియా అన్నాడు. సూదిమందిచ్చాడు, ముక్కు దగ్గర గాలి గొట్టం పెట్టాడు. పడవలో వచ్చిన జనం ఇళ్లకి పోలేదు. ఆసుపత్రి అరుగు మీదే తుమ్ముతూ దగ్గుతూ కూర్చున్నారు. మర్నాటికి లోపల్నుంచి పిల్ల ఏడుపు వినబడింది. ఆకలేడుపు! హమ్మయ్య, అందరి ప్రాణాలూ లేచొచ్చాయి. నూకాలు పాలివ్వడానికి పరిగెత్తింది. వరహాలమ్మ అరుగు మీద చతికిలబడి, నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

కొట్టు మూతపడిందనుకున్నారా? లేదు. ఆ తర్వాతా గోళీలమ్మింది. కాకపోతే ముందు పిల్లల చొక్కా ఎత్తి డొక్కలు చూసేది. పాలు తాగుతున్నారా అని అడిగేది. ఏమాత్రం తేడాగా ఉన్నా సీసా మూత తీసేది కాదు, రేవు వైపు తరిమేది.

ఆవిడ పోయి ఎంత కాలమైందో చెప్పేవాళ్లు లేరు. ఆ రేవులో మాత్రం ఇప్పటికీ పిల్లలకి జలుబు చేస్తే, గోళీ వేసే ముందు చొక్కా ఎత్తి చూస్తారు. డొక్కలెగరేస్తున్న బిడ్డతో ఏ తల్లయినా ఒంటరిగా రేవులోకి దిగిందా, పడవంతా ఖాళీగా ఉన్నా సరే, పడవవాడు "నిండింది" అని కేకేసి గెడ అందుకుంటాడు.