తాడు పట్టినవాళ్లంతా జాలరులే

వెనకటికి ఒక రాజుగారు, వేసవిలో జనం చల్లగా కూర్చోవాలని సముద్రపు ఒడ్డున పొన్నచెట్ల తోట వేయించారు. మొక్కలకి నీళ్లు మోసిందీ ఆ జనమే. చెట్లు ఎదిగాక తోట అధికారి వీరపాత్రుడు చుట్టూ కంచె కట్టించి, నీడంతా తన చుట్టాలకి అప్పగించాడు! రాజుగారి వంటశాలకి చేపలు కావాలి గనుక జాలరులని మాత్రం ఒడ్డుకి వల లాగడానికి లోపలికి రానిచ్చాడు.

కంచె బయట చంటిపిల్లలు ఎండకి సొమ్మసిల్లుతుంటే జాలరి ఆడది నూకాలుకి ఒళ్లు మండిపోయింది. వల తాడు కొస బయటిదాకా లాక్కొచ్చి, "పట్టండమ్మా, పట్టండి బాబూ" అంటూ అందరి చేతికీ అందించింది. ముసలివాళ్లు, బాలింతలు, బైరాగులు తాడు పట్టుకుని వరసగా తోటలోకి నడిచారు.

పాత్రుడు గుడ్లురిమాడు. "ఏమే, వీళ్లంతా జాలరులా?"

"తాడు మీద చెయ్యి వేసినవాళ్లు ఆ పూటకి జాలరులేనండి. చేపల్లో వాటా కూడా ఇస్తాం. మా రేవు కట్టుబాటు అది."

"ఏం కట్టుబాటే? ఎవడు ఒప్పుకున్నాడు?"

"తమరేనండి. పోయిన వారం పల్లకీ దిగకుండానే తాడుకి చిటికెన వేలు ఆనించి, బుట్టెడు వంజరం చేపలు వాటా పట్టుకెళ్లారు. వీళ్లు జాలరులు కాకపోతే తమరూ కారు. మరి ఆ బుట్టని ఏమనాలో రాజుగారినే అడిగొస్తానండి."

పాత్రుడు అప్పటికప్పుడు కంచె పీకించాడు.

సాయంత్రానికి ఆ కంచె కర్రల మీదే జాలరులు వల ఆరేసుకున్నారు.