ఐదుంబావుకి గుమ్మంలో

వేదాద్రి మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, చెప్పులేసుకుంటారు. విశాఖపట్నంలో మహారాణిపేట సందులో ఒక మేడమీది గదిలో ఆయన ఇరవై ఏళ్ళుగా జపనీసు నేర్పుతున్నారు. అంతకుముందు ఓడల్లో రేడియో ఆఫీసరుగా చేసి, కోబె రేవులో దిగినప్పుడల్లా ఆ భాషను చెవుల్లో నింపుకొచ్చిన మనిషి. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళలో సగంమందికి వ్యాకరణం గుర్తు లేదు గానీ, ఆయన వెంట ఎక్కడెక్కడికి నడిచారో మాత్రం బాగా గుర్తు.

ఆ ఏడాది కొత్తగా చేరినవాళ్ళలో సుభాషిణి ఒకతె. పాలకొండ పిల్ల, నర్సు. జపానులో ముసలివాళ్ళను చూసుకునే ఆశ్రమంలో ఉద్యోగానికి ఎంపికైంది. ఐదు నెలల్లో భాష పరీక్ష గట్టెక్కితే విమానం, లేకపోతే లేదు. వచ్చే ఏడాదికి వయసు పరిమితి దాటిపోతుంది కాబట్టి రెండో అవకాశమన్న మాటే లేదు. ఇంత తొందరలో ఉన్న మనిషి మూడు వారాలపాటు ఏం చేసిందయ్యా అంటే, యాప్‌లు ఎంచుకుంది. అక్షరాలు దిద్దించేదొకటి, బొమ్మలు చూపించి మాటలు చెప్పేదొకటి, ఒక్కరోజు మానేస్తే కన్నీళ్ళు పెట్టుకునే పిల్లి ఉన్నదొకటి, మనం పలికితే విని మార్కులు వేసేదొకటి, ఇలా ఫోన్లో తొమ్మిది చేరాయి. ఒకదాన్ని పది నిమిషాలు తెరుస్తుంది. అంతకంటే మంచిది ఉందేమోనని ఊళ్ళోవాళ్ళందరి అభిప్రాయాలూ చదువుతుంది. ఇంకోటి దింపుకుంటుంది. మొదటిదానికి అన్యాయం చేశానా అని దిగులుపడుతుంది. ఇలా మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చున్న పిల్లకు అక్షరమాలలో మొదటి ఐదక్షరాలు కూడా చూడకుండా రాయడం రాలేదు. తన పేరు చెప్పుకునే వాక్యం ఒక్కటి మాత్రం బాగా వచ్చింది.

ఒకరోజు మధ్యాహ్నం పాఠం అయ్యాక ఆమె ఉండబట్టలేక అడిగేసింది.

"మాస్టారూ, తొమ్మిది యాప్‌లున్నాయి. అన్నీ బావున్నట్టే ఉంటాయి, ఒక్కదాని మీదా గురి కుదరడం లేదు. ఏది పెట్టుకోమంటారు?"

మాస్టారు ఫోను వంక చూడనైనా చూడలేదు. "బీపీ చూసే మిషను బ్యాగులో ఉందా అమ్మాయ్?" అన్నారు. ఉందంది. ఆయన చెప్పులేసుకున్నారు.

వాళ్ళు వెళ్ళింది కొండవాలున ఉన్న ఒక పాత పెంకుటింటికి. ఆ ఇంట్లో ఉండేది ఫుసా అనే జపాను ఆవిడ, ఎనభై ఆరేళ్ళ మనిషి. మెరైన్ ఇంజనీరు సత్యానందం గారిని పెళ్ళాడి యాభై ఏళ్ళ కిందట ఈ ఊరొచ్చింది. పూర్ణా మార్కెట్లో బేరమాడేంత తెలుగు నేర్చుకుంది. సత్యానందం గారు పోయి పదకొండేళ్ళయింది. మొదటిసారి పక్షవాతం వచ్చినప్పుడు ఆవిడ తెలుగంతా తుడిచిపెట్టుకుపోయింది, రెండోసారి వచ్చినప్పుడు గొంతే పోయింది. దారిలో మాస్టారు చెప్పినదింతే. ఎందుకు తీసుకెళుతున్నారో చెప్పలేదు.

తలుపు తీసింది ఆవిణ్ణి కనిపెట్టుకుని ఉండే పైడితల్లి. నర్సమ్మ వచ్చిందని తెలియగానే ఆమె మొహం విప్పారింది.

"అమ్మగారి మాత్రలు అయిపోనాయమ్మా. ఇల్లొదిలి ఎల్లడానికి కుదరటం నేదు. నువ్వు కూకుంటే ఇట్టే ఎల్లి అట్టే వచ్చీస్తాను," అని సంచీ పట్టుకుని గబగబా మెట్లు దిగింది.

మాస్టారు లోపలికి రాలేదు. వరండాలో గుమ్మం పక్కనున్న బల్లమీద కూర్చుని, కాళ్ళు బారజాపుకుని, "నువ్వు లోపలే ఉండు," అన్నారు.

ఫుసా గారు గుమ్మానికి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. మనిషి గుప్పెడంత, తెల్లటి జుట్టు చక్కగా దువ్వి ఉంది. సుభాషిణి బీపీ చూసింది, ఈ వయసుకి భేషుగ్గా ఉంది. తర్వాత ఫోను తీసి, మార్కులు వేసే యాప్ తెరిచి, దాన్ని మధ్యలో పెట్టి, తన పేరు చెప్పే వాక్యం పలికింది. తొంభై ఆరు మార్కులు పడ్డాయి. ఫుసా గారు మర్యాదగా తల వంచి మళ్ళీ గుమ్మం వైపు చూడసాగింది. ఇంకేం మాట్లాడాలో సుభాషిణికి తెలియలేదు. ముసలావిడ గొంతులో ఏదో కదిలినట్టనిపించి, ఒకవేళ మాట వస్తే పట్టుకుంటుందని యాప్‌ను వినమని అలాగే వదిలేసింది.

గోడ గడియారంలో ఐదుంబావు అయింది. గేటు చప్పుడు కాలేదు. మెట్లమీద అడుగులు వినపడలేదు. ప్రహరీ మీద అంతసేపూ కీచులాడుకుంటున్న కాకులు మాత్రం ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. ఫోను తెరమీద చదునుగా ఉన్న గీత లేచి, ఎవరో మాట్లాడినట్టు ఎగిరి, పడింది. కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక మాట, దాని అర్థం వచ్చాయి.

తదైమా. ఇదిగో, ఇంటికొచ్చాను. నూటికి నూరు మార్కులు.

సుభాషిణి పలకలేదు. ఫుసా గారి పెదాలు కదల్లేదు. వరండాలో మాస్టారు దగ్గనైనా దగ్గలేదు. ఆ యాప్ నూరు మార్కులు వేయడం సుభాషిణి అంతకుముందెప్పుడూ చూడలేదు. ఇదేదో పాడైందనుకుని దాన్ని మూసి, వినగలిగిన ఇంకో యాప్ తెరిచింది. గీత లేచింది. తదైమా. మూడోది తెరిచింది. తదైమా. మూడు వారాలుగా ఏ రెండిటికీ పొంతన లేకుండా ఆమెను చంపుకుతిన్న యాప్‌లు ఆ ఒక్క మాట దగ్గర ఒక్కటైపోయాయి.

అప్పుడు ఫుసా గారు ఆమె చెయ్యి పట్టుకుంది. అంత చిన్న చేతిలో అంత బలం ఉంటుందని సుభాషిణి అనుకోలేదు. ముసలావిడ గుమ్మం వైపు చూస్తోంది, సుభాషిణి నోటి వైపు చూస్తోంది, మళ్ళీ గుమ్మం వైపు. ఆవిడ పెదాలు ఏదో మాట ఆకారంలో తెరుచుకుంటున్నాయి, శబ్దం రావడం లేదు. ఊపిరి ఎగదన్నుతోంది. సుభాషిణి వేళ్ళు అలవాటుగా మణికట్టు మీదకు వెళ్ళాయి. నాడి నూట ఇరవై, నూట ముప్పై. ఇంకాసేపు ఇలాగే ఉంటే ఈ ప్రాణం నిలవదని నర్సు బుద్ధికి తెలిసిపోతూనే ఉంది. దానికి మందు తన బ్యాగులో లేదు. ఆ మాటకు ఒక బదులు ఉందని, ఇంట్లో ఉన్నవాళ్ళు అది చెప్పాలని పాఠంలో విన్న గుర్తు, అదేమిటో మాత్రం తనకు తెలియదు.

ఒంటి చేత్తో ఫోనులో వెతికింది. ఒక యాప్ ముందు ఈ ప్రకటన చూడమంది. ఒకటి నాలుగో పాఠం పూర్తిచేస్తే గానీ ఇంటి మాటలు తెరుచుకోవంది. పిల్లి ఉన్నది ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళావని ఏడ్చింది. మార్కులు వేసేది తనంతట తానే తెరుచుకుంది. గీత ఈసారి తెర అంచు తాకేంత ఎత్తు లేచింది. పలికినవాళ్ళెవరో గుమ్మం దాకా వచ్చేసి, లోపలి నుంచి పిలుపు కోసం ఆగినట్టు. జీవితంలో ఎంతోమంది చావు దగ్గర నిలబడ్డ పిల్లకు మొదటిసారి ఏడుపొచ్చింది. నాకు ఒక్క ముక్కా రాదు దేవుడా అని పైకే అనేసింది.

పెరటి తలుపు తోసుకుని పైడితల్లి వచ్చింది. మాత్రల సంచీ గూట్లో పడేసి, చెంగుతో మొహం తుడుచుకుంటూ, కూర పొయ్యిమీద పెట్టినవాళ్ళు పిలిస్తే పలికినంత మామూలుగా, గుమ్మం వైపు ఒక కేక వేసింది.

"ఒకాయెరీ!"

ఫుసా గారి చెయ్యి వదులైంది. ఊపిరి కుదుటపడింది. ఆవిడ తల కాస్త పక్కకు వాల్చి, ఎవరి భుజానికో ఆనుకున్నట్టు, కళ్ళు మూసుకుంది. తెరిచి ఉన్న తలుపులోంచి సుభాషిణికి వరండా కనిపిస్తోంది. బల్లమీద మాస్టారు బారజాపిన కాళ్ళు నెమ్మదిగా పక్కకు తీసుకున్నారు, మనిషి లోపలికి వెళ్ళేందుకు దారి ఇస్తున్నట్టు. గాలి కూడా లేదు, అయినా గుమ్మానికి ఓ పక్కకు లాగి ఉన్న పరదా లోపలివైపుకు ఒకసారి కదిలింది.

"ఏటమ్మా, అలగ బిగుసుకుపోనావు?" అంది పైడితల్లి. "అయ్యగారొచ్చే యేళ కదా, పలకలేదా? అమ్మగారికి గొంతున్నప్పుడు తనే పలికీవోరు. ఇప్పుడు నేను పలుకుతన్నాను. వచ్చీసారా అనడానికి నాకొచ్చింది ఈ ఒక్క ముక్కే."

సుభాషిణి ఫోను వంక చూసింది. పైడితల్లి కేకను కూడా యాప్ విన్నది. ముప్పై ఒకటి మార్కులు వేసి, ఉచ్చారణ సరిగా లేదు, మళ్ళీ ప్రయత్నించండి అని రాసింది.

కొండ దిగుతున్నంతసేపూ ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. బస్టాపు దగ్గర ఆగి అడిగింది.

"మాస్టారూ, అక్కడికి వచ్చిందెవరు?"

మాస్టారు వస్తున్న బస్సు నంబరు కోసం కళ్ళు చికిలించి చూస్తున్నారు.

"నువ్వడిగింది యాప్ సంగతి కదమ్మాయ్," అన్నారు. "రేపు పైడితల్లి చెల్లెలి పెళ్ళికి బొబ్బిలి వెళుతోంది, నాలుగు రోజులు రాదు. ఐదుంబావుకల్లా నువ్వు లోపల ఉండాలి. ఏ యాప్ పెట్టుకుంటావో నీ ఇష్టం."