ఇరవై ఏడో రాట

అనగనగా ఒక ఊరు, ఆ ఊరి చుట్టూ ఒక దారం.

ఊరి పేరు ఏలీముపాలెం. ఓ పక్క పంట కాలువ, ఓ పక్క మిరప చేలు, మధ్యలో ఇళ్ళు. మనలాగే వాళ్ళూ యూదులు. మనలాగే గోంగూర తింటారు, తెలుగులోనే పోట్లాడుకుంటారు. శుక్రవారం పొద్దు గుంకే ముందు దీపం పెడతారు. ఇక అక్కణ్ణుంచి శనివారం సాయంత్రం మూడు చుక్కలు పొడిచేదాకా సబ్బాతు. పని ముట్టరు.

సబ్బాతు నాడు ఇంట్లోది ఏదీ వీధిలోకి మొయ్యకూడదు కదా. చెంబు మొయ్యకూడదు, చంటిపిల్లని మొయ్యకూడదు. మరి ఎలా? అందుకని పెద్దవాళ్ళు ఊరి చుట్టూ తాటి రాటలు పాతారు. రాట నుంచి రాటకి పైన దారం కట్టారు. రెండు రాటలూ, పైన దారమూ ఉంటే అది గుమ్మం కింద లెక్క. చుట్టూ గుమ్మాలుంటే ఊరంతా ఒకే ఇల్లు కింద లెక్క. సొంత ఇంట్లో ఎక్కణ్ణుంచి ఎక్కడికైనా మొయ్యొచ్చు.

వేరే ఊళ్ళలో అది లెక్కకే ఇల్లు. ఏలీముపాలెంలో నిజంగానే ఇల్లయ్యేది. శుక్రవారం దీపం పెట్టగానే గోడలు జరిగేవి. నీ వంటింటి తలుపు తీస్తే ఎదురింటి వసారా వచ్చేది. దొడ్డి తలుపు తీస్తే ప్రార్థన ఇల్లు వచ్చేది. పొయ్యిలో ఎవరి నిప్పు ఎవరిదో తెలిసేది కాదు. శనివారం చుక్కలు పొడవగానే మళ్ళీ ఎవరిల్లు వాళ్ళకి.

ఆ ఊళ్ళో యోనా అని ఒక బిడ్డ. పుట్టినప్పుడు మంత్రసాని ఒక మాట చెప్పింది గానీ, ఆ మాట యోనాకి ఎప్పుడూ అతకలేదు. మగవాళ్ళు 'ఒరేయ్' అనేవాళ్ళు, ఆడవాళ్ళు 'ఏమ్మా' అనేవాళ్ళు. బిడ్డ రెంటికీ తలెత్తేది కాదు. యోనా అంటేనే పలికేది. నేను బిడ్డ అనే అంటాను. బిడ్డే గనక.

యోనా అందరి పిల్లల్లా కాదు. అన్నంలో పప్పు తగిలితే ముట్టేది కాదు. నలుగురు ఒకేసారి మాట్లాడితే చెవులు మూసుకుని బల్ల కింద దూరేది. అబద్ధం చెప్పడం రాదు. మర్యాదకి చెప్పే అబద్ధం కూడా రాదు. ఇంటికొచ్చినవాళ్ళు 'మేం వెళ్ళొస్తాం' అంటే 'సరే' అని తలుపు తీసేది.

కానీ రోజూ ఊరి చుట్టూ నడిచేది. రాటలు మొత్తం నలభై ఒకటి. ఒక్కో రాటకీ చెవి ఆనించి, కాసేపు విని, రెండోదానికి పోయేది. దారం కూడా పాడుతుందట. గాలికి ఒక పాట, ఎండకి ఒక పాట. యోనా మాట అది, నాది కాదు.

ఒక రోజు యోనాకి ఒక అనుమానం వచ్చింది. దారం ఊరి లోపలిదా, బయటిదా?

అప్పుడు వాళ్ళమ్మ హదస్సాని అడిగింది. హదస్సా చంటిదానికి పాలు పడుతోంది. "లోపలిదేనమ్మా, మనదే కదా" అంది. ఆ తర్వాత అమ్మమ్మ కెజియాని అడిగింది. కెజియమ్మ రాట్నం ముందు కూర్చుని ఉంది. ఆ ఊళ్ళో దారం ఆడవాళ్ళే వడకాలి. "బయటిదే. లోపలిదైతే వానకి ఎందుకు తడుస్తుంది?" అంది. ఆ తర్వాత సాదోకు తాతని అడిగింది.

సాదోకు తాత దారానికి కాపలా. ప్రతి శుక్రవారం చేతికర్రతో రాటలు కొట్టి చూసి, 'ఇల్లు గట్టిదే' అని కేకేసేవాడు. అప్పుడే దీపాలు పెట్టేవాళ్ళు. చాలా కచ్చితమైన మనిషి. ముప్పై ఏళ్ళ కిందట కెజియమ్మ వడికిన దారంలో ఒక్క ముడి ఉందని నలుగురి ముందూ వెనక్కి పంపాడు. అప్పట్నుంచీ ఆవిడ ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే రైటు, ఆ ముడి వేలికి కూడా తగిలేది కాదు.

"దారం లోపలిదా, బయటిదా, తాతా?" అని యోనా అడిగింది.

"పనికిరాని ప్రశ్న" అన్నాడు సాదోకు తాత. తెలీదని ఆయన ఎన్నడూ అనలేదు.

అప్పుడు ఒక శుక్రవారం యోనా ఇరవై ఏడో రాటకి చెవి ఆనించింది. లోపల కరకరమని నములుతున్న చప్పుడు. చెద. సాదోకు తాత వెనకాల నడిచి చెప్పింది. "తాతా, ఇరవై ఏడో దాన్ని చెద తింటోంది."

ఆయన కర్రతో టకటకమని కొట్టాడు. "మా నాయన పాతిన రాట ఇది. గట్టిదే" అన్నాడు.

ఆ తర్వాత శుక్రవారం మళ్ళీ చెప్పింది. "తాతా, చప్పుడు పెద్దదయింది."

"నీకు పదమూడు వస్తున్నాయి. ఇంకా ఏ వైపూ తేలలేదు. నీ మాట ఎవరి మాటని వినను?" అన్నాడు.

మూడో శుక్రవారం యోనా చెబితే ఆయన వినలేదు కూడా. వినకుండానే 'ఇల్లు గట్టిదే' అని కేకేశాడు. దీపాలు పెట్టేశారు.

ఇప్పుడు ఆ వైపు సంగతి చెప్పాలి. ప్రార్థన ఇంట్లో మధ్యన తెర ఉండేది. తెరకి ఇటు మగవాళ్ళు, అటు ఆడవాళ్ళు. చిన్నపిల్లలు ఎటైనా దొర్లొచ్చు. పదమూడు నిండిన సబ్బాతు నాడు మాత్రం ఏదో ఒక వైపు కూర్చోవాలి. కూర్చున్న దగ్గర్నుంచి అటువైపు పని చెయ్యాలి. మగవాళ్ళయితే రాటలు పాతాలి, ఆడవాళ్ళయితే దారం వడకాలి. యోనాకి రాటలూ కావాలి, దారమూ కావాలి.

తెల్లారింది. యోనాకి పదమూడు నిండిన శనివారం. ప్రార్థన ఇంట్లో అందరి ముందూ సాదోకు తాత అడిగాడు. "యోనా, ఏ వైపు?"

బిడ్డ తెర దగ్గర నిలబడింది. మగవాళ్ళని చూసింది. ఆడవాళ్ళని చూసింది. "అటు కూర్చుంటే అబద్ధం అవుతుంది. ఇటు కూర్చున్నా అబద్ధమే" అంది.

"ఏదో ఒకటి చెప్పరా" అని ఒకాయన అన్నాడు. "చెప్పమ్మా, పూటకి గడిచిపోతుంది" అని ఒకావిడ అంది. ఇద్దరూ మంచికే చెప్పారు. యోనా చెవులు మూసుకుంది.

"వైపు లేనివాళ్ళకి ఇంట్లో చోటు లేదు. తేలేదాకా ప్రతి సబ్బాతూ దారం అవతల కూర్చోవాలి" అన్నాడు సాదోకు తాత.

హదస్సా ఏడ్చింది. కెజియమ్మ ఏడవలేదు, ఆయన మొహం వంకే చూసింది. దారం అవతల కూర్చుంటే ఏమవుతుందో తెలుసా? ఊరంతా ఒక ఇంట్లో అన్నం తింటుంటే, నువ్వొక్కదానివి కాలువ గట్టున. ఒక్క వారం కాదు, బతికినన్నాళ్ళూ.

యోనా తెర వదిలి బయటికి వచ్చింది. నడుచుకుంటూ ఇరవై ఏడో రాట దగ్గరికి పోయి, అవతల కూర్చుంది. కోపంతో కాదు. ఆ రాట ఎప్పుడు పడుతుందా అని చూడ్డానికి.

గాలి వచ్చింది. పెద్ద గాలేం కాదు, కళ్ళంలో మిరప తొడిమలు లేపేంత గాలి. అప్పుడు రాట మొదలు దగ్గర కిర్రుమంది. వంగింది. పడింది. దారం జారింది.

అదే సమయానికి హదస్సా చంటిదాన్ని ఎత్తుకుని వంటింట్లోంచి అడుగు వేసింది. ఆ అడుగు కెజియమ్మ గదిలో పడాలి. వీధిలో పడింది. కళ్ళలో ఎండ కొట్టింది. చుట్టూ చూస్తే ఎవరి తలుపు దగ్గర వాళ్ళు బిత్తరపోయి నిలబడి ఉన్నారు. కూర గిన్నెతో ఒకరు, నీళ్ళ చెంబుతో ఒకరు.

రెండో అడుగు వేసింది. గదిలోనే పడింది.

ఎందుకంటే యోనా లేచి, దారాన్ని రెండు చేతులతో పట్టుకుని తల మీదికి ఎత్తింది. రాట ఉన్న గుంటలోనే కాళ్ళు పెట్టి నిలబడింది.

అందరూ పరిగెత్తుకొచ్చారు. సబ్బాతు నాడు గొయ్యి తవ్వకూడదు, ముడి వెయ్యకూడదు. సాదోకు తాత ముందుకొచ్చాడు. ఆయన ఏ మాట అంటే అదే. చెల్లదంటే దారం దించెయ్యాలి, తలుపులు మూసుకుపోతాయి, యోనా అవతలే ఉండిపోతుంది.

"నిన్ను బయట కూర్చోమన్నాను" అన్నాడు.

"బయట లేను తాతా."

"లోపలికి రావద్దన్నాను."

"లోపలా లేను. దారం కింద ఉన్నాను."

"రాట మగవాళ్ళ పని. నువ్వు మగపిల్లాడివా?"

"కాదు."

"దారం ఆడవాళ్ళ పని. ఆడపిల్లవా?"

"కాదు తాతా."

"మరి నువ్వు పట్టుకుంటే చెల్లుతుందని ఏ నోటితో అనను?"

యోనా పక్క రాట వంక చూసింది. "ఇరవై ఆరో రాట ఏది తాతా? ఆడదా, మగదా?" అని అడిగింది.

జనం నవ్వారు. యోనా నవ్వలేదు. బిడ్డకి నిజంగా తెలుసుకోవాలని ఉంది. సాదోకు తాతా నవ్వలేదు. ఆయన కచ్చితమైన మనిషని చెప్పాను కదా, అడిగినదానికి చూసే చెబుతాడు. ఇరవై ఆరో రాట దగ్గరికి పోయాడు. చుట్టూ తిరిగాడు. చెయ్యి వేసి చూశాడు. ఆ తర్వాత పడిపోయిన రాట దగ్గరికొచ్చి కాలితో తట్టాడు. లోపల చెక్క లేదు. అంతా మట్టే.

"రాటని ఆ ప్రశ్న అడగరు. నిటారుగా ఉందా అని అడుగుతారు. దారం మొయ్యగలదా అని అడుగుతారు. అంతకు మించి అడిగే హక్కు నాకు లేదు" అన్నాడు. "మొయ్యగలవా?"

"చుక్కల దాకా మొయ్యగలను. మీరందరూ మాట్లాడకుండా ఉంటే."

"చెల్లుతుంది" అన్నాడు సాదోకు తాత.

ఇక చూడు. ఊరంతా గుసగుసలు కూడా మానేసింది. మునివేళ్ళ మీద నడిచారు. కెజియమ్మ మూడు దొప్పల్లో తెచ్చింది. ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో పప్పు, ఒకదాంట్లో మజ్జిగ. ఒకదానికొకటి తగలకుండా ముద్ద ముద్ద తినిపించింది. చేతులు నొప్పెట్టాయి. యోనా దింపలేదు. ముక్కు మీద ఈగ వాలింది. దింపలేదు.

సాదోకు తాత ఎండకి అడ్డంగా నిలబడి, నీడ పట్టాడు. పొద్దు వాలాక అన్నాడు. "మూడు శుక్రవారాలు చెప్పావు."

"నాలుగు. ఒక గురువారం కూడా చెప్పాను. నువ్వు అరుగు మీద నిద్రపోతున్నావు" అంది యోనా.

"గురువారం శుక్రవారం కాదు. మూడే" అన్నాడు ఆయన.

యోనా ఆలోచించి, "అవును, మూడే" అంది.

ఒక చుక్క పొడిచింది. రెండోది పొడిచింది. మూడోది తాటి మట్ట వెనకాల నుంచి వచ్చింది. అప్పుడు ఎవరిల్లు వాళ్ళకి పోయింది. యోనా దారం దించి, అక్కడికక్కడే నిద్రపోయింది.

ఆదివారం మగవాళ్ళు కొత్త రాట పాతారు. యోనా దగ్గరుండి పాతించింది. కెజియమ్మ కొత్త దారం వడికింది. యోనా పక్కన కూర్చుని ఏకులు అందించింది. ఇది ఎవరి పనని ఎవరూ అడగలేదు.

మళ్ళీ సబ్బాతు వచ్చింది. యోనా ప్రార్థన ఇంటికి వచ్చి తెర దగ్గర ఆగింది. ఇటు చూసింది. అటు చూసింది. అప్పుడు సాదోకు తాత పిలిచాడు. ఆయన మగవాళ్ళ వైపు లేడు. గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఒక చెవి లోపలికి, ఒక చెవి బయటికి పెట్టి.

"ఇటు రా, యోనా. కాపలావాళ్ళు ఏ వైపూ కూర్చోరు. ఇక్కడ నిలబడి దారం వింటారు. నలభై ఏళ్ళుగా నేనిక్కడే ఉన్నాను, ఇంతమందిలో ఒక్కరూ చూడలేదు" అన్నాడు.

యోనా పోయి పక్కన నిలబడింది. "మరి నీకు చెద చప్పుడు ఎందుకు వినపడలేదు తాతా?"

ఆయన యోనా వైపు వంగాడు. బిడ్డకి మాత్రమే వినపడేట్టు చెప్పాడు. "మాటలు వినపడతాయి. దారం వినపడటం మానేసి నాలుగేళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు."

యోనా తల పక్కకి వంచి, కళ్ళు మూసుకుని, చాలాసేపు వింది.

"పాడుతోంది తాతా" అంది.

"ఏమని?"

యోనా ఆయనకి చెప్పడం మొదలుపెట్టింది.

రాట రాటకీ దారం కట్టి,
ఊరి ఇళ్ళన్నీ ఒకటిగా చుట్టి,
కథ పోయింది కంచి బాట పట్టి,
మనమింటికొచ్చాం తలుపు గడియ పెట్టి.